మెట్టుగూడ వైపు నుంచి సికింద్రాబాద్ స్టేషన్ చరిత్ర

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ చరిత్రను రాసినవారిలో చాలామంది ఒకటో నంబరు ప్లాట్‌ఫారం ముందుండిన ముఖద్వారం దగ్గర మొదలుపెట్టి, నిజాం పేరు, ప్రారంభమైన సంవత్సరం, ఆసఫ్‌జాహీ శైలి కమానుల ప్రస్తావనతో ముగించారు. ప్రయాణికుడు స్టేషన్‌ను చూసేది ఆ వైపు నుంచే కాబట్టి అది సహజమే. అయితే ఆ స్టేషన్‌ను నూట యాభై ఏళ్లుగా నడిపించిన శ్రమలో చాలా భాగం దానికి తూర్పున ఉన్న మెట్టుగూడ, లాలాగూడ, చిలకలగూడ ప్రాంతాల్లోనే నివసించింది. వర్క్‌షాపు, లోకో షెడ్డు, రైల్వే ఆసుపత్రి, వరుసలు తీరిన క్వార్టర్లు ఈ ప్రాంతాల్లోనే వెలిశాయి. మెట్టుగూడ చరిత్రను రైలు నుంచి విడదీసి చెప్పడం ఎంత కష్టమో, ఈ పేటలను వదిలేసి సికింద్రాబాద్ స్టేషన్ చరిత్ర చెప్పడం కూడా అంతే అసంపూర్ణం.

ఈ స్టేషన్ పుట్టుకకు మూలం సైన్యం. 1798లో నిజాంకు, ఈస్టిండియా కంపెనీకి మధ్య కుదిరిన సైన్య సహకార ఒప్పందం ప్రకారం, అంటే రాజ్యరక్షణకు కంపెనీ సైన్యాన్ని నిలిపి దాని ఖర్చును నిజాం భరించాలన్న ఒప్పందం ప్రకారం, హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దండు విడిది చేసింది. ఆ విడిది చుట్టూ పెరిగిన ఊరికి మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ అన్న పేరు స్థిరపడింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకల్లా అది దేశంలోని పెద్ద కంటోన్మెంట్లలో ఒకటిగా ఎదిగింది. 1857 తిరుగుబాటు తర్వాత సైన్యాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి వేగంగా తరలించడం బ్రిటిష్ ప్రభుత్వానికి ప్రధాన ఆందోళన అయింది కనుక, ఇంత పెద్ద దండు రైలుకు దూరంగా ఉండిపోవడం ఆ ప్రభుత్వానికి మింగుడుపడలేదు.

బొంబాయి నుంచి దిగివచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే మార్గం 1871లో రాయచూరు దగ్గర మద్రాసు రైల్వేతో కలిసింది. ఆ మార్గం హైదరాబాద్ రాజ్యపు పడమటి అంచున పోతూ, రాజధానినీ కంటోన్మెంటునూ రెంటినీ పక్కకు వదిలేసింది. దాని మీద ఉన్న వాడి స్టేషన్ నుంచి తాండూరు, వికారాబాద్‌ల మీదుగా సికింద్రాబాద్‌కు వేసిన శాఖామార్గం, దాదాపు 195 కిలోమీటర్ల పొడవున, 1874 అక్టోబరులో రాకపోకలకు తెరుచుకుంది. అప్పటికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఎనిమిదేళ్ల బాలుడు. పాలన దివాన్ మొదటి సాలార్‌జంగ్ చేతిలో ఉండేది. మార్గానికి పెట్టుబడి హైదరాబాద్ రాజ్యానిది, దాన్ని మొదట్లో నడిపిన యంత్రాంగం బ్రిటిష్ కంపెనీది, చివరి స్టేషన్ వెలిసిన పట్టణం రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి, అధికారం కింద ఉన్నది. రైతు చెల్లించిన శిస్తు కూడా పోగుపడిన ఖజానా సొమ్ముతో పడిన పట్టాల మీద ఆ రైతు ప్రభువుకే పూర్తి అధికారం లేకపోయిందన్న సంగతి ఈ స్టేషన్ పుట్టుకలోనే ఉంది. నిజాం కట్టించాడని ఒక్క మాటలో చెప్పేవారు ఈ సంగతిని కూడా కలిపి చెప్పడం న్యాయం.

ఈ పద్ధతి మీద హైదరాబాద్‌లో వ్యతిరేకత రాకపోలేదు. మార్గాన్ని తూర్పుకు పొడిగించే పనిని లండన్‌లో మూలధనం సమకూర్చుకునే కంపెనీకి అప్పగించాలన్న ప్రతిపాదన, చాందా రైల్వే పథకం అన్న పేరుతో, 1883లో బయటకు వచ్చినప్పుడు, దాని షరతులను ప్రజల ముందు పెట్టాలని చదువుకున్నవారు కోరారు. వారిలో ముందున్న అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, ప్రభుత్వం నగరం నుంచి బహిష్కరించింది. హైదరాబాద్‌లో ఆధునిక రాజకీయ చైతన్యం తొలిసారి బహిరంగంగా కనిపించిన ఘట్టాల్లో ఒకటి రైలు మార్గం కారణంగానే జరిగిందన్నది గుర్తుంచుకోదగిన విషయం. ప్రతిపాదన మాత్రం ఆగలేదు. ఆ ఏడాది చివర కుదిరిన ఒప్పందంతో నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడి, 1885లో మార్గాన్ని స్వాధీనం చేసుకుంది. గ్యారంటీ అంటే, రైలుకు లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు నిర్ణీతమైన వడ్డీ ముట్టేలా రాజ్యం పూచీ పడడం. నష్టం రాజ్యానికి, భద్రత వాటాదారుకు అన్నది దాని సారాంశం.

ఒప్పందం న్యాయాన్యాయాలు ఎలా ఉన్నా, తూర్పు పొడిగింపుతోనే సికింద్రాబాద్ స్టేషన్ స్వభావం మారింది. అప్పటివరకు అది చివరి మజిలీ. అక్కడితో పట్టాలు ఆగిపోయేవి. మార్గం మౌలాలి, ఘట్‌కేసర్, భువనగిరి, జనగామల మీదుగా 1886లో వరంగల్‌నూ, 1888లో డోర్నకల్‌నూ, 1889లో బెజవాడనూ (నేటి విజయవాడ) చేరింది. తెలంగాణకూ కోస్తాకూ మధ్య ఎడ్లబండ్ల మీద రోజుల తరబడి సాగిన ప్రయాణం ఒక పగలూ రాత్రిలోకి కుదించుకుపోయింది. డోర్నకల్ నుంచి ఇల్లెందు దగ్గరి సింగరేణి గనులకు వేసిన శాఖ వల్ల, భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1870ల తొలినాళ్లలో గుర్తించిన బొగ్గు ఇంజిన్లకు అందుబాటులోకి వచ్చింది. ఆవిరి ఇంజిన్‌కు బొగ్గు, నీరు ఎంత దగ్గరగా దొరికితే నడిపే ఖర్చు అంతగా తగ్గుతుంది కాబట్టి, తన మార్గం మీదే బొగ్గు గని ఉండడం ఈ రైల్వేకు కలిసివచ్చింది.

మెట్టుగూడ పరిసరాల కథ ఇక్కడ మొదలవుతుంది. పట్టాలు రెండు వైపులా సాగాక ఇంజిన్లు, పెట్టెలు పెరిగాయి. వాటి మరమ్మతుకు స్టేషన్‌కు కొంత దూరంలో విశాలమైన స్థలం అవసరమైంది. ఆ అవసరం నుంచే 1893లో లాలాగూడ వర్క్‌షాపు ఏర్పడింది. అక్కడ జరిగే పనిని రైల్వే వారు పీరియాడికల్ ఓవర్‌హాలింగ్ అంటారు, అంటే నిర్ణీత కాలానికి ఒకసారి పెట్టెను పూర్తిగా విప్పి కొత్తదానిలా తిరిగి నిలబెట్టడం. పెట్టె లోపలికి రాగానే దాని పైభాగాన్ని క్రేన్లతో ఎత్తి, చక్రాలున్న బోగీ చట్రం నుంచి వేరు చేస్తారు. పట్టా మీద నడిచి నడిచి చక్రం అంచు ఒకవైపు అరిగి ఉంటుంది. దాన్ని లేత్ యంత్రం మీద ఎక్కించి, జత చక్రాలు రెండింటికీ ఒకే కొలత వచ్చేదాకా చెక్కుతారు, ఎందుకంటే ఆ రెండింటి మధ్య కొద్దిపాటి తేడా ఉన్నా పెట్టె పట్టా తప్పే ప్రమాదం ఉంటుంది. స్ప్రింగులు, బ్రేకులు, బఫర్లు ఒక్కొక్కటి ఒక్కో విభాగానికి పోతాయి. వడ్రంగులు, కమ్మరులు, ఫిట్టర్లు, వెల్డర్లు, రంగులు వేసేవారు తమతమ వంతు ముగించాక పెట్టె మళ్లీ చట్రం మీదికి దిగుతుంది. సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద ప్రయాణికుడు నిశ్చింతగా ఎక్కే ప్రతి పెట్టె వెనుకా ఇలాంటి చేతుల పని ఉంటుంది, ఆ చేతుల్లో ఎన్నో ఈ చుట్టుపక్కల ఇళ్లలోనివే.

ఈ పనికి తెలుగు ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలతోపాటు తమిళులు, మరాఠీలు, ఉర్దూ మాట్లాడే పాత నగరవాసులు, డ్రైవర్లుగా, గార్డులుగా, ఫోర్‌మన్‌లుగా పనిచేసిన ఆంగ్లో ఇండియన్లు చేరారు. లాలాగూడలో ఆంగ్లో ఇండియన్ల వాడ చాలాకాలం ప్రత్యేకంగా కనిపించేది. చర్చి, గుడి, మసీదు ఒకే పిలుపు దూరంలో ఉండడం ఈ ప్రాంతానికి ఎవరో ఉపదేశించిన సామరస్యం వల్ల వచ్చింది కాదు. ఒకే షిఫ్టులో పనిచేసి, ఒకే వరుస క్వార్టర్లలో బతకడం వల్ల వచ్చింది.

1899, 1901 మధ్య హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే అన్న పేరుతో నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్‌ల మీదుగా మన్మాడ్‌కు మరో మార్గం పడింది. ఇది మీటర్ గేజి, అంటే రెండు పట్టాల మధ్య ఎడం ఒక మీటరు మాత్రమే. వాడి, బెజవాడ మార్గం బ్రాడ్ గేజి, ఆ ఎడం 1,676 మిల్లీమీటర్లు. ఒక గేజి మీద నడిచే బండి మరో గేజి మీద నడవదు కనుక, రెండూ కలిసిన సికింద్రాబాద్‌లో సరుకును ఒక వ్యాగన్ నుంచి మరో వ్యాగన్‌లోకి చేతులతో మార్చవలసి వచ్చేది. నాందేడ్ వైపు నుంచి వచ్చిన సరుకు బెజవాడ వైపు పోవాలంటే హమాలీల వీపుల మీదుగానే పోవాలి. గేజి తేడాను నిర్మాణ సమయంలో ఖర్చు తగ్గించే ఉపాయంగా చూసినవారు, ఆ ఆదాకు ప్రతిగా తరతరాల కూలీలు మోసిన బరువును ఏ లెక్కలోనూ రాయలేదు. 1990లలోనూ 2000ల తొలి సంవత్సరాల్లోనూ ఈ మార్గాలను బ్రాడ్ గేజికి మార్చిన తర్వాతే ఆ భారం పూర్తిగా తొలగింది.

కాజీపేట నుంచి బల్హార్షాకు 1920ల చివర పూర్తయిన మార్గం స్టేషన్ భవిష్యత్తును మరో విధంగా నిర్ణయించింది. దానితో ఢిల్లీ, మద్రాసుల మధ్య నేరుగా రాకపోకలు ఏర్పడ్డాయి, అయితే ఆ ప్రధాన మార్గం కాజీపేట మీదుగా దక్షిణానికి పోయి సికింద్రాబాద్‌ను తాకలేదు. ఒక స్టేషన్ మహామార్గం మీద లేకపోవడం సాధారణంగా దాని ఎదుగుదలను ఆపుతుంది. సికింద్రాబాద్ విషయంలో అలా జరగకపోవడానికి కారణం, అక్కడ రైళ్లు దాటిపోకుండా బయలుదేరడం, ముగియడం. బయలుదేరే రైలుకు పెట్టెలు కడగాలి, ఇంజిన్ సిద్ధం చేయాలి, సిబ్బందికి విశ్రాంతి గది కావాలి, మరమ్మతుకు చోటు కావాలి. దాటిపోయే రైళ్ల స్టేషన్ కంటే రైళ్లు పుట్టే స్టేషన్ ఎక్కువమందికి అన్నం పెడుతుంది, మెట్టుగూడ విస్తరణే దీనికి సాక్ష్యం.

1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనివేసి నిజాం స్టేట్ రైల్వేగా తానే నిర్వహించసాగింది. 1932లో ఈ రైల్వేలోనే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలం ఆ శాఖే. సికింద్రాబాద్ పట్టణం 1945లో నిజాం పాలనలోకి తిరిగి వచ్చింది. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసిన తర్వాత 1950లో రైల్వే కేంద్ర ప్రభుత్వ పరమై, 1951 నవంబరులో ఏర్పడిన సెంట్రల్ రైల్వేలో భాగమైంది.

పదిహేనేళ్లపాటు బొంబాయి నుంచి పాలన సాగాక, 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ ప్రధాన కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. జోన్ అంటే కొన్ని డివిజన్లను కలిపిన పరిపాలనా విభాగం. దక్షిణ రైల్వే నుంచి విజయవాడ, హుబ్లీ డివిజన్లు, సెంట్రల్ రైల్వే నుంచి సికింద్రాబాద్, షోలాపూర్ డివిజన్లు ఇందులోకి వచ్చాయి. 1977లో గుంతకల్లు చేరి, షోలాపూర్ తిరిగి వెళ్లిపోయింది. కంటోన్మెంటు అవసరానికి పుట్టిన స్టేషన్ ఈ ఏర్పాటుతో తెలుగు ప్రాంతాల్లోని రైలు మార్గాల్లో అధిక భాగానికి పరిపాలనా కేంద్రమైంది. రైల్ నిలయం కార్యాలయాలు, లాలాగూడలోని కేంద్రీయ ఆసుపత్రి, అక్కడి ఎలక్ట్రిక్ లోకో షెడ్డు మెట్టుగూడ చుట్టూ ఉద్యోగుల సంఖ్యను పెంచాయి. విజయవాడ, గుంతకల్లు, హుబ్లీల నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబాల్లో చాలా వరకు పదవీ విరమణ తర్వాత ఇక్కడే ఇళ్లు కట్టుకున్నాయి. తెలుగు యాసలన్నీ ఒకే కూరగాయల బండి దగ్గర వినిపించే పేటగా మెట్టుగూడ రూపుదిద్దుకున్నది ఈ దశలోనే.

తర్వాతి పరిణామాలు ఇటీవలివి, అందరికీ తెలిసినవే. 2003 ఆగస్టులో జంట నగరాలకు ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు వచ్చాయి. 2017 నవంబరులో మెట్రో మొదలై, నాగోల్ మార్గంలో మెట్టుగూడకు సొంత స్టేషన్ దక్కింది. 2023 ఏప్రిల్ 8న సుమారు 700 కోట్ల రూపాయల అంచనాతో సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పది ప్లాట్‌ఫారాల మీద పడుతున్న ఒత్తిడిని తగ్గించడానికి 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమై, కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. ఆ మరుసటి నెలలోనే సికింద్రాబాద్ స్టేషన్ పాత ప్రధాన భవనాన్ని, నగరానికి గుర్తుగా నిలిచిన కమానులతో సహా కూల్చివేశారు.

పెరిగిన ప్రయాణికులకు విశాలమైన స్టేషన్ అవసరమన్నది కాదనలేని మాట. కానీ ముఖద్వారం నేలమట్టమైన తర్వాత ఈ స్టేషన్ గతానికి మిగిలిన ఆధారాలు ఇప్పుడు తూర్పు వైపునే ఉన్నాయి: వర్క్‌షాపులోని పాత యంత్రాలు, రిజిస్టర్లు, క్వార్టర్ల రాతి గోడలు, విశ్రాంత ఉద్యోగుల ఇళ్లలో భద్రపరిచిన సర్వీసు పుస్తకాలు, బృంద ఛాయాచిత్రాలు, పాత టైంటేబుళ్లు. కాచిగూడ స్టేషన్‌లో చిన్న రైల్వే ప్రదర్శనశాల ఉన్నట్టే, సికింద్రాబాద్‌లో కట్టే కొత్త భవనంలో ఒక గదిని ఈ సామగ్రికి కేటాయించడం దక్షిణ మధ్య రైల్వేకు భారం కాదు. అంతవరకు మెట్టుగూడ, లాలాగూడ, చిలకలగూడలలోని రైల్వే కుటుంబాలు తమ పెద్దల కాగితాలను పాత సామాన్ల వారికి వేయకుండా, ఫొటోల వెనుక పేర్లు, సంవత్సరాలు, పనిచేసిన విభాగాలు రాసి దాచిపెట్టాలి. గుర్తుపట్టి చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నప్పుడే ఆ పని జరగాలి.