ఇత్తడి రైలు పెట్టెలు – పుల్మన్ పోర్టర్లు

క్యారేజి షాపులో జీవితం గడిపిన మనవంటి వారికి బొమ్మ రైలు అనగానే చిన్న నవ్వు వస్తుంది. కాని అమెరికాలో పాతకాలపు పుల్మన్ విలాస పెట్టెలకు చేసిన ఇత్తడి నమూనాలను బొమ్మలనడానికి నాకు నోరు రాదు.

అసలు పెట్టె పొడవు సుమారు 80 అడుగులు. 87వ వంతుకు కుదిస్తే 11 అంగుళాలు. అందులోనే మూడేసి ఇరుసుల బోగీలు, అడుగున బ్యాటరీ పెట్టెలు, బ్రేకు గొట్టాలు, వరుస తప్పని రివెట్లు! ఇత్తడి రేకులను టంకంతో అతుకుతారు. చిన్న భాగాలను మన పంచలోహ విగ్రహాల మాదిరిగా మైనం కరిగించి పోత పోస్తారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపానులో ఉన్న అమెరికన్ సైనికులు కొనడంతో అక్కడి చిన్న కార్ఖానాలలో ఈ పని పెరిగింది. జపానులో కూలి రేట్లు హెచ్చాక కొరియాకు మారింది. కొద్దిగానే చేస్తారు గనుక ధర ఎక్కువ. కొన్ననాటి అట్టపెట్టె కూడా ఉంటే మరీ ఎక్కువట!

ఇన్ని ఉన్న పెట్టెలో సాధారణంగా ఒక మనిషి మాత్రం ఉండడు. ఆయనే పుల్మన్ పోర్టరు.

జార్జి పుల్మన్ 1860లలో పడక పెట్టెలు నడపడం ప్రారంభించి, బానిసత్వం నుండి విడుదలైన నల్లవారిని పోర్టర్లుగా పెట్టుకున్నాడు. పక్కలు వేయాలి, బూట్లు తుడవాలి, ఏ వేళ గంట మోగినా లేవాలి. సొంత పేరుతో పనిలేకుండా ప్రయాణికులు అందరినీ 'జార్జి' అనే పిలిచేవారు, అంటే యజమాని పేరు! నెలకు 400 గంటలో, 11,000 మైళ్ళో పూర్తయితేనే నిండు జీతం. బూటు పాలిషు కూడా సొంత డబ్బుతోనే. ఇల్లు గడిచేది టిప్పులతో.

1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన వారు సంఘం పెట్టుకున్నారు. ఆయన పోర్టరు కాదు గనుక కంపెనీ ఆయనను ఉద్యోగం నుండి తీసివేసే వీలు లేకపోయింది. పన్నెండేళ్ళ పోరాటం తరువాత, 1937 ఆగస్టు 25న ఒప్పందం కుదిరి పని నెలకు 240 గంటలకు తగ్గింది. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన వాషింగ్టన్ ప్రదర్శనకు సారథి కూడా ఈ రాండాల్ఫే.

1968 చివరికి పుల్మన్ కంపెనీ పడక పెట్టెలు నడపడం మానుకుంది. ఎప్పుడైనా ఆ ఇత్తడి నమూనా కంటబడితే, ఒక చివర పొగతాగే గది కిటికీలో నుండి లోపలికి చూడండి. ప్రయాణికులు నిద్రపోయాక, పోర్టరు కాసేపు నడుం వాల్చింది ఆ గదిలోని సోఫా మీదనే.