లోతు సముద్రపు స్పంజికలు - కొత్త జాతిగా గుర్తింపు పొందే విధానం

పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలోని పేరుపాలెం తీరానికి ఎదురుగా ఉన్న బంగాళాఖాతపు లోతు జలాలు కృష్ణా-గోదావరి బేసిన్‌లోనివి. ఈ బేసిన్‌లోని డీ-6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో సహజవాయువు ఉత్పత్తి ప్రారంభమైంది. బేసిన్‌లో 900 నుండి 1800 మీటర్ల లోతున మీథేన్ వెలువడే స్థలాలను, వాటిని ఆశ్రయించిన జీవసముదాయాన్ని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 2019లో వెల్లడించారు. శాస్త్రీయ నామం లేని జీవిని పర్యావరణ ప్రభావ అంచనాలలో లెక్కించడం, రక్షిత జాబితాలలో చేర్చడం కష్టసాధ్యం. అందువల్ల జాతి నిర్ధారణకు ప్రాధాన్యం ఉన్నది.

స్పంజికలు సముద్రపు అడుగున స్థిరంగా ఉండి, నీటిని వడగట్టి ఆహారం గ్రహించే జంతువులు. ప్రపంచంలో ఇంతవరకు 9 వేలకు పైగా జాతులు నమోదైనవి. ఆరు కిరణాల సిలికా కంటకాలు గల గాజు స్పంజికలు అధికంగా లోతు జలాలలోనే ఉంటాయి. 'ఇన్వెస్టిగేటర్' సర్వే నౌక భారత సముద్రాలలో సేకరించిన గాజు స్పంజికలపై జర్మన్ శాస్త్రవేత్త షుల్జె గ్రంథం 1902లో కలకత్తాలో వెలువడింది. అదే నౌక సేకరణపై డెండీ, బర్టన్‌ల నివేదిక 1926లో వచ్చింది. నేటికీ కొత్త నమూనాలను ఇట్టి పాత వర్ణనలతో సరిపోల్చవలసి ఉంటుంది.

స్పంజిక ఆకారం, రంగు పరిసరాలను బట్టి మారుతుంటాయి గనుక కంటకాలే ప్రధాన ఆధారం. సిలికా కంటకాలు గల నమూనా నుండి చిన్న ముక్కను నత్రికామ్లంలో కరిగిస్తే కంటకాలు మాత్రమే మిగులుతాయి. వాటి రకాలను, కొలతలను సూక్ష్మదర్శినితో నమోదు చేస్తారు. డీఎన్ఏ పరీక్షకై మరొక భాగాన్ని ఆల్కహాలులో భద్రపరుస్తారు.

అంతర్జాతీయ జంతునామకరణ నియమావళి ప్రకారం 1999 తరువాత ప్రకటించే కొత్త జాతికి వర్ణనతో పాటు ప్రామాణిక నమూనాను, అది భద్రపరచబడే సంస్థను పేర్కొనడం తప్పనిసరి. జీవవైవిధ్య చట్టం-2002లోని 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు ఆ విషయాన్ని నిర్దేశిత భాండాగారానికి తెలిపి, నమూనాలను అప్పగించాలి. కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ అట్టి భాండాగారాలు.

కావున నౌకపైకి వచ్చిన అపరిచిత నమూనా వెంటనే కొత్త జాతి కాజాలదు. వర్ణన ప్రచురితమైనదా, ప్రామాణిక నమూనా ఎచ్చట ఉన్నది అను రెండు అంశాలు నిర్ధారణ అయిన పిమ్మటనే దానిని కొత్త జాతిగా పేర్కొనడం సముచితం.