ఆ బాలిక తల కింద ఉన్న కీర్తనల గ్రంథము



పరిశుద్ధ దేశ యాత్రలో ఐగుప్తులో మాకు దొరికింది ఒక్క రోజే. ఆ రోజు కైరోలోని పాత క్రైస్తవ పేటలో తిరిగాము. రోమీయుల కోట గోడల మధ్య ఉన్న పేట అది. కోట ద్వారపు బురుజుల మీద కట్టిన ఒక చర్చిని 'వేలాడే చర్చి' అంటారు. అబూ సర్గా చర్చికైతే మెట్లు దిగి వెళ్లాలి. శతాబ్దాలుగా వీధి ఎత్తు పెరిగి, చర్చి పల్లంలో ఉండిపోయింది. దాని అడుగున ఉన్న చిన్న గదిలో మరియ యోసేపులు బాలయేసుతో తలదాచుకున్నారని అక్కడివారి నమ్మకం. మత్తయి 2వ అధ్యాయం ఐగుప్తు అని చెప్పింది గాని ఊరు పేరు చెప్పలేదు. మేము వాదించలేదు, ప్రార్థించి పైకి వచ్చాము.

మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది పక్కనే ఉన్న కోప్టిక్ మ్యూజియం. అక్కడ అద్దం వెనుక ఒక చిన్న పుస్తకం ఉంది. కోప్టు భాషలో తోలు మీద చేతితో రాసిన కీర్తనల గ్రంథం. సుమారు 1600 ఏళ్ల నాటిది. 1984లో అల్ ముదిల్ అనే చోట, ఒక బీద సమాధిలో, పన్నెండేళ్ల బాలిక తల కింద దొరికింది. ఏ తల్లి పెట్టిందో, ఏ తండ్రి పెట్టాడో! తమ ఇంటి భాషలో ఉన్న వాక్యాన్ని బిడ్డకు తలగడగా ఇచ్చారు.

కోప్టు అంటే ఐగుప్తీయుల సొంత మాట. గ్రీకు అక్షరాలకు తమ పాత లిపి గుర్తులు కొన్ని చేర్చి రాసుకున్నారు. 7వ శతాబ్దంలో అరబ్బుల పాలన వచ్చింది. కచేరీల్లో, బజారులో, చివరికి ఇళ్లలోనూ అరబ్బీ స్థిరపడింది. 12వ శతాబ్దంలో రెండవ గబ్రియేలు అనే సంఘ పెద్ద, జనానికి అర్థం కావాలని సువార్తను అరబ్బీలో చదవనిచ్చాడు. నేటికీ వారి ఆరాధన పుస్తకాల్లో ఒక పక్క కోప్టు, ఒక పక్క అరబ్బీ ఉంటాయి. సంఘం నిలిచింది. అయితే ఆ బాలిక భాష ఇప్పుడు ఇళ్లలో లేదు, ఆరాధనలోనే మిగిలింది.

ఊరికి వచ్చిన తర్వాత ఆదివారం, ఎనిమిదో తరగతి చదివే మన సంఘపు అమ్మాయికి కీర్తన చదవమని బైబిలు ఇచ్చాము. రెండు మాటలు కూడబలుక్కుని ఆగిపోయింది. తల్లి తల దించుకుంది. తప్పు ఆ బిడ్డది కాదు. అప్పు చేసి ఇంగ్లీషు మీడియంలో వేసింది మనమే. మా పిల్లలూ అక్కడే చదువుతున్నారు.

1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని సువార్తలు తర్జుమా చేశారు. 1810 నాటికి ఇద్దరూ ఇక్కడే కన్నుమూశారు. 1812లో ఆ సువార్తలు అచ్చయినప్పుడు చూసుకోవడానికి వారు లేరు. మన చేతిలోని వాక్యానికి అంత వెల ఉంది.

కాబట్టి వచ్చే ఆదివారం నుండి ఆరాధనకు అరగంట ముందు పిల్లలకు తెలుగు చదవడం నేర్పుతాము. నేర్చుకునేవరకు ఇంగ్లీషులో చదివినా ఎవరూ నవ్వకండి. గబ్రియేలు చేసిందీ అదే కదా. వాక్యం ముందు అర్థం కావాలి. కానీ అమ్మ ప్రార్థించే భాషలో బిడ్డ చదవలేని రోజు మన ఇళ్లకు రాకూడదు.

ప్రభువు మన పిల్లలను దీవించును గాక. ఆమేన్.