బ్యాటరీల ఆరోగ్య నిర్ణయము

మరల మరల విద్యుత్తును నింపుకొనగల బ్యాటరీ, క్రొత్తదై యున్ననాటి సామర్థ్యములో నేడు ఎన్నవ వంతును నిలుపుకొనియున్నదో తెలుపు నిష్పత్తికే దాని ఆరోగ్యమని పేరు. విద్యుద్వాహనములలో ఇది నూటికి 80కి దిగినచో బ్యాటరీ ఆయువు తీరినట్లెంచుట వాడుక. అది మనుష్యులు పెట్టుకొనిన హద్దే కాని ప్రకృతి నియమము కాదు.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే నిర్మించిన సీసపు బ్యాటరీ విషయమున ఈ నిర్ణయమంత కష్టముకాదు. అందలి గంధకికామ్లమే రసాయనచర్యలో పాల్గొనును గనుక, పూర్తిగా చార్జి చేసిన పిదపకూడ ఏ సెల్లులో ఆమ్లసాంద్రత పెరుగదో ఆ సెల్లు చెడినదని హైడ్రోమీటరే చెప్పును. 1991లో సోనీ సంస్థ విపణికి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ ఇట్టి పరీక్షకు లొంగునది కాదు. గట్టిగా మూసిన దాని గర్భమున, కర్బన ధ్రువముపై నేర్పడిన పలుచని పొర నానాటికి దళసరియగుచు లిథియమును బంధించును, చలిలో త్వరత్వరగా చార్జి చేసినచో లిథియము లోహమై పేరుకొనును, ధ్రువపదార్థము పగుళ్లువారును. వెలుపలివారికి దొరకునవి వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రత యను మూడు కొలతలే.

ఈ కొలతలనుండి అంతఃస్థితిని గణించుటకు 2004లో గ్రెగొరీ ప్లెట్ అను పరిశోధకుడు కాల్మన్ ఫిల్టరను గణితపద్ధతిని వినియోగించెను. పిమ్మట నాసావారి ఏమ్స్ పరిశోధనాకేంద్రము, 2 ఆంపియర్-గంటల సెల్లులను 1.4కు దిగువరకు క్షీణింపజేసి, ఆ దత్తాంశములను లోకమునకు వెల్లడి చేయుటచే, ప్రయోగశాల లేని గణితజ్ఞులకును ఈ రంగమున ప్రవేశము లభించెను.

2019లో క్రిస్టెన్ సెవర్సన్ ప్రభృతులు 'నేచర్ ఎనర్జీ' పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ చరిత్రలో విశేషముగా పేర్కొనదగినది. 150 మొదలు సుమారు 2,300 చార్జి-విడుదలల ఆవృత్తులవరకు మన్నిన 124 లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లులను వారు పరిశీలించిరి. మొదటి నూరు ఆవృత్తులలో వానిలో పెక్కింటి సామర్థ్యము తగ్గనేలేదు. అయినను పదవ, నూరవ ఆవృత్తులలో విద్యుత్తు విడుదలయగునప్పటి వోల్టేజి రేఖలను ఒకదానినుండి మరొకటి తీసివేయగా మిగిలిన భేదములో భావిక్షయము పొడసూపినది. ఋణధ్రువమున పదార్థము తొలుత అవసరమునకు మించి యుండుటచే దాని నష్టము సామర్థ్యమునందు కనబడక వోల్టేజి రేఖయందే కనబడునని వారి వివరణము. కేవల సరళసమీకరణముతో వారు సాధించిన ఆయుర్దాయ గణనములో దోషము నూటికి 9.1 మాత్రమే. గణకయంత్రపు ఆడంబరముకంటె, ఎచ్చట చూడవలెనో ఎఱిగిన రసాయనజ్ఞానమే ఇచ్చట ఫలించినదనుట న్యాయము.

అయితే ఆ సెల్లులన్నియు ప్రయోగశాలలో 30 డిగ్రీల స్థిరోష్ణమున, ఒకే విధమైన విడుదలకు లోనైనవి. వీథిలోని వాహనమునకు అట్టి క్రమము లేదు. దాని బ్యాటరీ అడుగంట ఖాళీయగుటయే అరుదు. ఒక రసాయన సమ్మేళనమున నేర్చిన సూత్రము మరొకదానియందు తప్పుటయు కద్దు. ఇట్టి చిక్కులున్నను ఆరోగ్య నిర్ణయము అవసరమగుచునే యున్నది: ఐరోపా సమాఖ్య 2023లో చేసిన శాసనమును బట్టి 2027 ఫిబ్రవరినుండి విద్యుద్వాహన బ్యాటరీలకు, వాని ఆరోగ్యాది వివరములను తెలుపు డిజిటల్ పాస్‌పోర్టు తప్పనిసరి కానున్నది.