అలెగ్జాండ్రైట్

అలెగ్జాండ్రైట్ క్రైసోబెరిల్ ఖనిజంలో అరుదైన రకం. పగటి వెలుతురులో ఆకుపచ్చగా, కొవ్వొత్తి లేదా ఫిలమెంట్ బల్బు వెలుగులో ఎర్రగా కనిపిస్తుంది. క్రైసోబెరిల్ బెరీలియం, అల్యూమినియంల ఆక్సైడు. మోహ్స్ కొలమానంలో దీని కాఠిన్యం 8.5. నవరత్నాల్లోని వైడూర్యం కూడా ఈ ఖనిజంలో మరో రకమే.

పేరు

1830లలో రష్యాలోని ఉరల్ పర్వతాల్లో, యెకాతెరిన్‌బర్గ్ దగ్గరి తొకోవాయా నదీ ప్రాంతపు మరకత గనుల్లో ఇది బయటపడింది. ఫిన్లాండ్ ఖనిజ శాస్త్రవేత్త నిల్స్ నోర్డెన్‌షోల్డ్ దీన్ని పరిశీలించాడు. అప్పటి యువరాజు, 1855లో చక్రవర్తి అయిన రెండవ అలెగ్జాండర్ పేరే దీనికి పెట్టారు. పెట్టింది నోర్డెన్‌షోల్డా, రత్నాల సేకర్త పెరోవ్‌స్కీయా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు.

రంగు మారే తీరు

స్ఫటికంలో కొన్ని అల్యూమినియం పరమాణువుల చోట క్రోమియం చేరుతుంది. అది పసుపు కాంతిని పీల్చుకుని ఆకుపచ్చ, ఎరుపు కాంతులను దాదాపు సమంగా వదులుతుంది. పగటి వెలుతురులో నీలం, ఆకుపచ్చల పాలు, దీపపు వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ. పైచేయి దేనిదైతే కంటికి ఆ రంగే తోస్తుంది.

అరుదుదనం

బెరీలియం గ్రానైటుకు సంబంధించిన పెగ్మటైట్లలో పోగవుతుంది. క్రోమియం ఉండేది సిలికా తక్కువగా ఉన్న నల్లని శిలల్లో. ఈ రెండూ ఒకచోట కలవడమే అరుదు. కలిసినా, సిలికా పుష్కలంగా ఉంటే క్రైసోబెరిల్‌కు బదులు బెరిల్ ఏర్పడుతుంది. క్రోమియం చేరిన ఆ బెరిలే మరకతం.

లభించే చోట్లు

శ్రీలంక, టాంజానియా, మడగాస్కర్, జింబాబ్వేలలో ఇది దొరుకుతుంది. బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రం, హెమటీటా వద్ద 1987లో మేలైన నిక్షేపం బయటపడింది. భారత్‌లో ఒడిశా, కేరళలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల్లోనూ ఉంది. నర్సీపట్నం, చింతపల్లి ప్రాంతాల్లో ఇలాంటి రత్నాలన్నిటినీ రంగురాళ్లు అంటారు. వీటి కోసం అనుమతి లేకుండా తవ్విన గోతుల్లో మట్టి కూలి కూలీలు చనిపోయిన సంఘటనలున్నాయి.

కృత్రిమ స్ఫటికాలు, నకిలీలు

ప్రయోగశాలలో పెంచిన అలెగ్జాండ్రైట్ స్ఫటికాలను 755 నానోమీటర్ల లేజర్లలో వాడతారు. అవాంఛిత రోమాలు తొలగించే చికిత్సలో ఇవి ప్రసిద్ధం. ఇదే పేరుతో చౌకగా అమ్మే రాళ్లలో చాలావరకు వనేడియం కలిపిన కృత్రిమ కురువిందాలు. వాటి రంగు అసలు రాయిలా ఆకుపచ్చ నుంచి ఎరుపుకు కాక, నీలం కలిసిన బూడిద రంగు నుంచి ఊదాకు మారుతుంది.