జట్కా గుర్రానికి మన బాకీ

మన సంఘం స్వర్ణోత్సవం రోజున గురువులను గుర్రపు బగ్గీలో ఊరేగింపుగా బడికి తీసుకువద్దామని ఒక మిత్రుడు వాట్సాప్ గ్రూపులో ప్రతిపాదించగానే చప్పట్ల బొమ్మలు వరుసగా పడ్డాయి. నేనొక్కడినే వద్దన్నాను. "గుర్రం మీదున్న జాలి గురువుల మీద లేదా?" అని ఒకరు ఆటపట్టించారు. కమిటీ పెద్దమనసుతో నా మాట మన్నించి కార్లు ఏర్పాటు చేసింది. కానీ ఎందుకు వద్దన్నానో ఫోనులో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఈ సంచికలో నాకిచ్చిన పేజీలను అందుకు వాడుకుంటున్నాను.

మన ఊళ్లో జట్కాలు తిరిగిన రోజులు నా తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. స్టేషను బయట చింతచెట్టు కింద వరుసగా నిలబడేవి. రెండు చక్రాలు, పైన గూడు, లోపల పచ్చగడ్డి, దాని మీద గోనెపట్టా. వెనకనుంచి ఎక్కి కాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లం. బండి కదిలే ముందు సాయిబు వెనక్కి తిరిగి, "పెద్దోళ్లు ముందుకు జరగండి, చిన్నోళ్లు వెనక్కి" అని సర్దేవాడు. మాకు అదొక వేళాకోళం. ఆయన అరుపును అనుకరిస్తూ నవ్వుకునేవాళ్లం.

ఇంజనీరింగ్ చదివాక గానీ ఆ అరుపు అర్థం కాలేదు. రెండు చక్రాల బండికి ఇరుసే త్రాసు ముల్లు. బరువు ఇరుసుకు ముందు ఎక్కువైతే ఆ భారం కొయ్యల మీదుగా గుర్రం వీపు మీద పడుతుంది. వెనక ఎక్కువైతే కొయ్యలు పైకి లేచి పొట్ట కింది తోలుపట్టీ గుర్రాన్ని పైకి లాగుతుంది. బరువు ఇరుసు మీద సరిగ్గా కుదిరితే గుర్రానికి లాగే పని ఒక్కటే మిగులుతుంది. అక్షరం ముక్క రాని ఆ మనిషి రోజుకు పదిసార్లు ఆ లెక్క సరిచూసేవాడు. తన గుర్రం కోసమే చూసేవాడు.

ఎత్తు దగ్గర మాత్రం ఆ లెక్క చాలదు. బండి ఎత్తు ఎక్కుతున్నప్పుడు మొత్తం బరువులో ఒక వాటా గుర్రాన్ని వెనక్కి లాగుతుంది. అందుకే రైల్వే బ్రిడ్జి మొదట్లో సాయిబు బండి ఆపి, "పెద్ద పిల్లలు దిగండి బాబూ, పైన ఎక్కుదురుగాని" అనేవాడు. మేం నలుగురం దిగి బండి వెంట నడిచేవాళ్లం.

1981లో నేను ఏడో తరగతి. ఒంటిపూట బడుల రోజులు. పన్నెండున్నరకు బడి వదిలారు. బ్రిడ్జి మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. సాయిబు ఎప్పటిలాగే దిగమన్నాడు. నేను దిగలేదు. "మా నాన్నగారు డబ్బులిస్తున్నారు, ఎండలో ఎందుకు నడవాలి?" అన్నాను. నన్ను చూసి మిగతా ముగ్గురూ దిగలేదు. ఆయన ఏమీ అనలేదు. పగ్గాలు అదిలించాడు. సగం ఎత్తు ఎక్కాక మెత్తబడ్డ తారు మీద లాడం జారింది. గుర్రం ముందు మోకాళ్ల మీద పడింది. మేమందరం ముందుకు దొర్లాం.

మాకు దెబ్బలు తగల్లేదు. గుర్రం మోకాళ్లు చెక్కుకుపోయాయి. జనం పోగై సాయిబునే తిట్టారు. "మూగజీవాన్ని చంపుతావా?" అన్నాడొకాయన. ఆయన ఎవరికీ జవాబు చెప్పకుండా పట్టీలు విప్పి, గుర్రం తల ఒళ్లో పెట్టుకుని, తలపాగా నీళ్లలో తడిపి దాని ముఖం తుడిచాడు. మేం దిగమంటే దిగలేదని ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మరునాడు మా సోషల్ మాస్టారు క్లాసులో ఆ సంగతి ఎత్తారు. తప్పెవరిదని అడిగితే అందరం "సాయిబుదే" అన్నాం. మాస్టారు ఒక్క ప్రశ్నే వేశారు: "ఎత్తు దగ్గర ఎవరైనా దిగారా?" ఎవరూ మాట్లాడలేదు. ఆయన పాఠంలోకి వెళ్లిపోయారు. చరిత్ర పుస్తకాలు చదివినప్పుడల్లా నాకు ఆ ప్రశ్న ఎదురవుతూనే ఉంది.

గుర్రాన్ని హింసించడం నేరమన్న ఆలోచన ఇంగ్లండులో చట్టంగా మారింది. 1822లో రిచర్డ్ మార్టిన్ అనే పార్లమెంటు సభ్యుడు పశువులను, గుర్రాలను క్రూరంగా కొట్టడాన్ని నిషేధించే చట్టం తెచ్చాడు. 1824లో లండన్‌లో జంతు హింసా నివారణ సంఘం పుట్టింది. ఆ దారిలోనే 1861లో కలకత్తాలో, 1874లో బొంబాయిలో అలాంటి సంఘాలు వెలిశాయి. అప్పటి నగరాలు నడిచిందే గుర్రాల మీద. కలకత్తాలో 1873లో, బొంబాయిలో 1874లో పట్టాల మీద ట్రాములను గుర్రాలే లాగాయి. మద్రాసులో 1895లో విద్యుత్ ట్రాము వచ్చింది. బొంబాయి గుర్రాలకు ఆ పని తప్పడానికి 1907 దాకా పట్టింది.

ఆ చట్టాలన్నీ కొరడా పట్టిన చేతినే చూశాయి. ఆ చెయ్యి వెనక ఏముందో చూపించింది ఒక నవల. 1877లో అన్నా సూయెల్ అనే ఆంగ్ల రచయిత్రి 'బ్లాక్ బ్యూటీ' రాసింది. చిన్నతనంలో కాలికి దెబ్బ తగిలి సరిగా నడవలేక, ఎక్కడికి వెళ్లాలన్నా గుర్రపు బండి మీదే ఆధారపడిన మనిషి ఆమె. కథ గుర్రమే చెబుతుంది. అందులో లండన్ వీధుల్లో బండి తోలే ఒక పేదవాడు వస్తాడు. బండీ గుర్రాలూ అతనివి కావు. రోజూ యజమానికి అద్దె కట్టాకే తన ఇంట్లో పొయ్యి వెలగాలి. గుర్రాన్ని అదిలించకపోతే తన పిల్లలు పస్తుంటారు. తప్పెవరిదని నవల మనల్నే అడుగుతుంది. మా మాస్టారు అడిగిందీ అదే.

గుర్రం లేకపోతే ఏమవుతుందో అమెరికా 1872లో చూసింది. కెనడాలో మొదలైన గుర్రాల ఫ్లూ కొద్ది వారాల్లో అనేక అమెరికా నగరాలకు పాకింది. ట్రాములు ఆగాయి, సరుకులు పేరుకుపోయాయి. బళ్లకు మనుషులే తమను తాము కట్టుకుని లాగారు. ఆ నవంబరులో బోస్టన్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగితే మంటలార్పే యంత్రాలను మనుషులు తాళ్లు పట్టి ఈడ్చుకెళ్లారు. న్యూయార్కులో అయితే జబ్బు గుర్రాలనే బళ్లకు కట్టారు. జంతు సంరక్షణ సంఘం స్థాపించిన హెన్రీ బర్గ్ నడివీధిలో నిలబడి ఆ బళ్లను ఆపాడు. తమ ఊరు ఎవరి కాళ్ల మీద నిలబడి ఉందో జనానికి ఆ కాళ్లు కూలబడ్డాక తెలిసింది.

మన దేశంలో ఈ విషయంలో పెద్ద అడుగు వేయించింది నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. రాజ్యసభ సభ్యురాలిగా ఆమె పట్టుపట్టిన ఫలితంగా 1960లో జంతు హింసా నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1965లో బండి లాగే జంతువుల కోసం నియమాలు చేశారు. వాటిని నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి తీరిగ్గా చదివి అక్కడే ఆగిపోయాను. బండిలో తోలేవాడు, ఆరేళ్లలోపు పిల్లలు కాక నలుగురికి మించకూడదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా వరుసగా ఐదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి కట్టకూడదు.

మేం ఆ రోజు జట్కాలో తొమ్మిది మందిమి. సమయం పన్నెండున్నర. మన ఏప్రిల్ ఎండ ఎంతో మీకు చెప్పక్కర్లేదు. ఆ నియమాలు అప్పటికి పదహారేళ్లుగా పుస్తకంలో ఉన్నాయి. వాటికి మూలమైన చట్టం మొదటి తప్పుకు వేసే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. పట్టుకుంటే కట్టాల్సింది సాయిబు ఒక్కడే.

ఆ బండిలో తొమ్మిది మంది ఎందుకెక్కారు? ఈ ప్రశ్నకు జవాబు నాన్నగారు పోయాక ఆయన పద్దు పుస్తకంలో దొరికింది. మా వీధి పిల్లల తరఫున బేరం ఆడింది ఆయనే. మొదట రాసుకున్నది: ఆరుగురు, నెలకు తలకు 12 రూపాయలు. దాన్ని కొట్టేసి కింద రాసింది: తొమ్మిది మంది, తలకు 8 రూపాయలు. రెండు లెక్కలూ 72 రూపాయలే. సాయిబుకు ఒక్క పైసా పెరగలేదు. గుర్రానికి ముగ్గురు పిల్లలు పెరిగారు. మా వీధికి తలకు నాలుగు రూపాయలు మిగిలాయి. నాన్నగారు చెడ్డవారు కారు. వీధి కుక్కకు అన్నం పెట్టందే తాను తినేవారు కారు. ఆయన ఆడింది న్యాయమైన బేరమే అనుకున్నారు. ఆ బేరంలో గుర్రం తరఫున మాట్లాడేవాళ్లు లేరు, అంతే.

"గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అంటారు. గిరాకీ ఉన్నా లేకున్నా గడ్డీ ఉలవలూ కొనాల్సిందే. అలాంటి మనిషిని పొట్ట మీద కొట్టి, ఆయన చెయ్యి కొరడా మీదికి వెళ్తే క్రూరుడన్నాం.

ఆ వేసవి తర్వాత సాయిబు మా వీధికి రాలేదు. గుర్రం మీద జాలిపడి పెద్దవాళ్లు మాకు రిక్షా కుదిర్చారు. అదే బ్రిడ్జి, అదే ఎండ. ఈసారి సీటు దిగి, వంగి, హ్యాండిల్ పట్టుకుని మమ్మల్ని ఎత్తెక్కించింది మనిషి. 1965 నియమాల్లో గుర్రానికి మధ్యాహ్నం మూడు గంటల విశ్రాంతి ఉంది. రిక్షా మనిషికి వాటిలో చోటు లేదు. మా జాలి ఒక వీపు మీది బరువును ఇంకో వీపు మీదికి మార్చింది. తగ్గించలేదు.

అందుకే ముంబై విక్టోరియా బగ్గీల కథను నేను శ్రద్ధగా గమనించాను. సరదా షికారుకు గుర్రపు బగ్గీలు నడపడం చట్టవిరుద్ధమని బొంబాయి హైకోర్టు 2015 జూన్‌లో తీర్పు చెప్పింది. ఏడాదిలోగా ఆపేయాలంది. అంతటితో ఆగకుండా, వాటి మీద బతికే కుటుంబాలకు పునరావాసం చూపే పథకం చేయమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2021లో అదే రూపంలో బ్యాటరీతో నడిచే బగ్గీలు ముంబై రోడ్ల మీదికి వచ్చాయి. పునరావాసం అందరికీ అనుకున్నట్టే అందిందని నేననను. కానీ గుర్రాన్నీ, దాన్ని నమ్ముకున్న మనిషినీ ఒకే తీర్పులో గుర్తుపెట్టుకోవడం నాకు సబబుగా తోచింది.

గుర్రపు బండి పుట్టుకతోనే పాపం అని నేననను. వేరే దారి లేని రోజుల్లో అది ఊరికి కాళ్లు. మా సాయిబు తన గుర్రాన్ని నాకంటే ఎక్కువగా ప్రేమించాడు. కానీ అవసరం తీరిపోయాక, తారు రోడ్డు మీద, హారన్ల మధ్య, జనరేటరు లైట్ల కింద, మన సంబరం కోసం గుర్రాన్ని నిలబెట్టడానికి నాకు కారణం కనబడలేదు. అవసరానికి వాడుకున్న రోజుల్లోనే దాని లెక్క సరిగా చూడలేదు. సరదాకు చూస్తామా?

ఇంకొక్క మాట. బగ్గీ యజమానికి కమిటీ ఇచ్చిన అడ్వాన్సు తిరిగి అడగవద్దని కోరాను. ఆ మొత్తం నేను సంఘానికి కట్టేశాను. గొప్ప కోసం చెప్పడం లేదు. మనం మనసు మార్చుకున్నందుకు ఆయన పస్తుండకూడదు, ఆ గుర్రానికి ఆ రోజు దాణా తగ్గకూడదు.

ఉత్సవం రోజు గురువులు కార్లలో వస్తారు. మనం బ్రిడ్జి దగ్గర కలుసుకుని బడి దాకా నడిచి వెళ్దామని నా మనవి. మోకాళ్ల నొప్పులున్న మిత్రులు నేరుగా బడికి రావచ్చు. ఎత్తు దగ్గర నడవనన్నది ఒకప్పుడు నేనే. ఈసారి నడుస్తాను.