ఎనిమిది దినముల దారి

గుంతకల్లునుండి బెంగుళూరునకు పోవు రైలు ధర్మవరము దాటి దక్షిణముగా సాగునప్పుడు కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి ఒక పెద్ద కొండ కనబడును. బండలమీద బండలు పేర్చినట్లుండు ఆ కొండ ప్రక్కగా నల్లని గోడ యొకటి ప్రాకుచు పోవును. ఎవరో ఒకరు “అదే పెనుకొండ” యందురు. ప్రక్కవారు తల త్రిప్పి చూచులోపల బండి కదలిపోవును. విజయనగర సామ్రాజ్యపు రెండవ రాజధానితో మనలో పెక్కుమందికి గల పరిచయ మింతమాత్రమే. మేమును చాలకాలము ఆ కిటికీ పరిచయముతోనే తృప్తిపడినవారము. ఒక మాఘమాసమున పదిమందిమి కూడి, దారి తెలిసిన పెద్దనొకనిని వెంటబెట్టుకొని, హిందూపురమునుండి ధర్మవరమువరకు కాలినడకను పోయితిమి. ఆ కోట నక్కడ ఏల కట్టిరో, కట్టి ఏల విడిచిరో మాకు బోధపడినది అప్పుడే.

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు కూలెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు నామమాత్రపు చక్రవర్తియైన సదాశివరాయలను వెంటగొని, రాజధనమును ఏనుగులకెత్తించి విజయనగరము విడిచెను. ఆ నగరమును మరల నిలుపవలెనని కొంత ప్రయత్నించెను గాని సాగలేదు. రెండేండ్ల తరువాత, 1567లో, వెనీసు వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ అక్కడికి వచ్చి ఏడు నెలలు నిలిచెను. ఇండ్లు నిలిచియే యున్నవనియు, వానిలో పులులును అడవి మృగములును తిరుగుచున్నవని జనులు చెప్పుకొనుచున్నారనియు వ్రాసెను. రాజు పరివారముతో ఎనిమిది దినముల ప్రయాణ దూరమున పెనుకొండ యను కోటకు పోయి కాపురముండెననియు చెప్పెను. గుఱ్ఱములు తెండు, వెల యిచ్చెదనని తిరుమలరాయలు వర్తకులను పిలిపించి, తెచ్చిన తరువాత రిక్తహస్తములతో పంపివేసిన సంగతిని కూడ అతడు దాచలేదు. ఓడిన రాజు బొక్కసపు స్థితి ఎట్టిదో ఈ యొక్క మాటవలన తెలియుచున్నది.

ఎనిమిది దినములు! హంపినుండి పెనుకొండకు దారి రెండువందల కిలోమీటర్లకు పైచిలుకు. దినమునకు పాతిక కిలోమీటర్ల చొప్పున నడచిన లెక్క సరిపోవును. బండ్లును, బరువులును, ఆడువారును, పిల్లలును ఉన్న గుంపు అంతకుమించి నడువజాలదు. నేడు నాలుగైదు గంటలలో కారుపై పోవువానికి హంపియు పెనుకొండయు రెండు వేఱువేఱు చూడదగిన చోటులు. నడచినవానికి అవి ఒకే దారియొక్క రెండు కొనలు.

పశ్చిమ దేశములవారు ఇట్టి దారులను వృథాగా పోనీయలేదు. జర్మనీలో రైను నది కొండలను చీల్చుకొని పోవుచోట ఇరువైపుల ద్రాక్షతోటలు, వానిపైన మధ్యయుగపు దుర్గములు ఉన్నవి. ఆ తీరమువెంట, బాన్ నగరమునుండి వీస్‌బాడెన్ వఱకు, 320 కిలోమీటర్ల కాలిబాటను 2005లో ఏర్పఱచిరి. జనులు గుంపులుగా, దారి చూపువానితో, ఒక ఊరిలో తిని మఱియొక ఊరిలో పండుకొనుచు పోవుదురు. ఇది మనకు క్రొత్త విద్య యని తలంపరాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్టణము విడిచి, పెద్ద పరివారముతో కాశికిపోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చి, మజిలీ మజిలీకి నీరు, నీడ, సరకుల సంగతి వ్రాసియుంచిరి. కల్నల్ మెకంజీ కొలువులో కావలి సోదరులును వారి సహాయకులును ఊరూరు తిరిగి కరణముల నడిగి కైఫియతులు వ్రాయించిరి. బోయీలమీద పోయినను, కాలినడకను పోయినను, వారు చూచిన దేశము నడకవేగమున చూచిన దేశమే.

మేము హిందూపురమునుండి బయలుదేరితిమి. గుత్తిని ఏలిన మురారిరావు తన తండ్రి హిందూరావు పేర ఈ ఊరు కట్టించెనని చెప్పుదురు. ద్రాక్షతోటలు చూడగోరువారు ఇంకను దక్షిణమునుండి, చిక్కబళ్లాపురపు చెంతనుండి, నడక ప్రారంభింపవలెను. అక్కడ నంది కొండల పొంత నల్లద్రాక్ష పందిళ్లు వరుసగా నున్నవి. పెన్నయు, చిత్రావతియు పుట్టునదియు ఆ కొండలలోనే. పెన్న పెనుకొండకు పడమటగా, చిత్రావతి తూర్పుగా పోవును. ఈ రెండు ఏళ్ల నడిమి నేలయే మా దారి. హిందూపురము దాటగానే మల్బరీ తోటలు కనబడును. ఆ ఆకు తిన్న పురుగు కట్టిన గూడు హిందూపురపు సంతకు వచ్చును. పట్టు మాత్రము చివరకు చేరునది ధర్మవరపు మగ్గమునకు. మా గమ్యమును అదే.

లేపాక్షి పదునైదు కిలోమీటర్ల దూరము. ఆ గుడిని గూర్చి వ్రాయనివారు లేరు. కనుక మేము విస్తరింపము. ఇరువదియేడడుగుల పొడవు, పదునైదడుగుల ఎత్తు గల ఏకశిలా నంది వాకిటిదారిలోనే యున్నది. వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూచుటకు వచ్చినవారందఱు బారులు తీరుదురు; తలయెత్తి పైకప్పు చిత్రములు చూచువారు అందులో నలుగురుండరు. ఈ కథకు కావలసినది గుడి కట్టించిన విరూపన్న. అచ్యుతదేవరాయల కాలమున ఆయన పెనుకొండలో కోశాధికారి. రాజధనము వెచ్చించెనను నిందవచ్చి, తన కన్నులు తానే పెఱికికొని గోడకు విసరెనని జనశ్రుతి. అది నిజమో కాదో కాని, కల్యాణమండపము మాత్రము పూర్తికాక స్తంభములతో నిలిచియున్నది. రాజధాని కాకమునుపే పెనుకొండలో ధనాగార ముండెననియు, దాని నీడ ఇంతదూరము పడెననియు గ్రహించిన చాలును.

అక్కడినుండి సోమందేపల్లి మీదుగా రెండు దినములు ఉత్తరముగా నడచితిమి. మొదట కొండ నీలముగా, చిన్నదిగా కనబడును. దారి వంపు తిరిగినప్పుడెల్ల అది ఒక ప్రక్కకు తొలగి మరల ఎదుటికి వచ్చును. రెండవనాటి మధ్యాహ్నమునకు గోడల వరుసలు లెక్కింప వీలగును. శత్రుసైన్యమున నడచివచ్చు బంటునకు కూడ ఇట్లే కనబడి యుండవలెను. అతడు వచ్చుచున్నట్లు పైనున్న కాపరికి రెండు దినములముందే తెలిసియుండును. కోటకు మొదటి బలము ఆ రెండు దినములే యని మాకు తోచినది.

ఉత్తరపు ద్వారమునకు ఎఱ్ఱమంచి వాకిలి యని పేరు. అక్కడ నిలువెత్తును మించిన ఆంజనేయుడున్నాడు. బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడైన విరూపన్న ఒడయరుకు ఇచ్చెననియు, ఆయన కాలమున కోట కట్టబడెననియు ఆ ద్వారమందలి 1354 నాటి శాసనము చెప్పుచున్నది. లేపాక్షి విరూపన్న వేఱు, ఈయన వేఱు. నడుమ నూటడెబ్బది యేండ్ల దూరము. లోపల రామాలయము, ఈశ్వరాలయము ప్రక్కప్రక్కనే కలవు. షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా, పార్శ్వనాథుని జైనాలయము కూడ ఆ ఊరివే. గగనమహలు వంపు కమానులమీద గుడి శిఖరమువంటి బురుజును మోయుచున్నది. సుల్తానులతో తరతరాలు పోరాడిన రాజ్యమున సుల్తానుల ఊళ్ల కమాను అంత సహజముగా ఇమిడియుండుట చూచి, మాలో చరిత్ర బోధించు మిత్రుడొకడు చాలసేపు మాటలాడలేదు.

తిమ్మరుసు బందిఖానా యని ఒక కట్టడమును చూపుదురు. కృష్ణదేవరాయలు కడపట తన మంత్రిని చెఱయందుంచిన సంగతి పోర్చుగీసువాడగు నూనిజ్ వ్రాసినాడు. ఆ చెఱ ఇదియే యనుటకు జనశ్రుతియే ఆధారము. మా పెద్దాయన ఆ భేదమును తానే చెప్పినందుకు మేము సంతోషించితిమి. “పుస్తకంలో ఉండేది ఒకటి సామీ, మా అవ్వ చెప్పింది ఒకటి. రెండూ చెప్తా, మీరే చూసుకోండి” అనెను.

మఱునాటి ఉదయమున కొండ ఎక్కితిమి. మెట్లు కొన్నిచోట్ల ఉన్నవి, కొన్నిచోట్ల బండయే మెట్టు. మాఘమాసమైనను తొమ్మిది గంటలకే రాయి కాలసాగెను. తెచ్చుకొన్న నీరు సగము కొండకే ఐపోయినది. తప్పు మాదే, దినమునకు ఎంత నీరు కావలెనో పెద్దాయన చెప్పియే యుండెను. నోరెండినవారికి గోడలు, బురుజులు ఆనవు. కనులు కోనేటికొఱకే వెదకును. పైన కోనేరు కనబడినప్పుడు, అప్పటివఱకు మేము కోటను తలక్రిందుగా చూచుచుంటిమని తెలిసినది. ఈ కొండపై రాయి కొదువలేదు, గోడ ఎవరైన కట్టగలరు. “నీళ్లు యాడుంటే రాజు ఆడుంటాడు సామీ” యని పెద్దాయన అనెను.

ఈ మాటకు శాసనసాక్ష్యము కలదు. నేడు కర్ణాటకములో నున్న గౌరిబిదనూరు తాలూకాలో 1388 నాటి రాతి శాసన మొకటి దొరకినది. రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నున్నప్పుడు, ప్రాణులకు నీరే ప్రాణమని తలంచి, పెన్నేటిని పెనుకొండకు తేవలసినదని నిండుసభలో సింగయభట్టునకు ఆజ్ఞ యిచ్చెను. సింగయభట్టు జలసూత్రమునందు, అనగా నీటి పారుదల విద్యయందు, ఆరితేరినవాడు. అతడు సిరువెర చెఱువువఱకు కాలువ త్రవ్వించి, దానికి రాజుపేరు పెట్టి, శాసనము వ్రాయించెను. ఆ కాలమున ఒక రాతిమీద ఇంజనీరు పేరును పనియు రెండును చెక్కబడుట అరుదు. కొండమీదినుండి చూచిన ఆ విద్యయొక్క తక్కిన భాగము కంటికి కట్టినట్లుండును: కొండవాలు నీరు జాఱుచోటనెల్ల ఒక గట్టు, గట్టు క్రింద చెఱువు, దాని మిగులునీటికి మఱియొక చెఱువు. తూర్పున చిత్రావతికి అడ్డముగ కట్టిన బుక్కపట్నపు చెఱువు పేరే తన కాలము చెప్పుచున్నది.

ఇక ముట్టడులు. 1576లో బిజాపురపు సైన్యము వచ్చి చెన్నప్ప నాయకునిచేత ఓడెను. 1589 ప్రాంతమున గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ స్వయముగా వచ్చెను. వేంకటపతిరాయలు సంధి మాటలు నడపి, ఆ మూడు నాలుగు దినముల సందున కోటలోనికి గింజలు చేర్పించుకొనెను. జగదేవరాయలు తుపాకీబంట్లతో లోపల ప్రవేశించెను. ఇంతలో వానకారు దగ్గఱపడెను. కృష్ణ పొంగినచో వెనుకకు దారి యుండదని సుల్తాను దండు నెత్తివేసెను. నీటి ఎద్దడిగల కొండను దూరపు నది యొకటి రక్షించినది! ఆ గెలుపు వేంకటపతిరాయలకు నిలుకడ నీయలేదు. సరిహద్దు మిక్కిలి దగ్గఱయని ఎఱిగి 1592 ప్రాంతమున ఆయన రాజధానిని చంద్రగిరికి మార్చెను. తరువాత బిజాపురము, మరాఠాలు, మైసూరు, నిజాము, 1800లో కంపెనీ – ఒకరి తరువాత ఒకరు ఏలిరి. పెనుకొండ మరల రాజధాని కాలేదు.

ఎఱ్ఱమంచి వాకిట వెలువడి ఉత్తరముగా నడచినచో ఆ పేరుగల గ్రామము వచ్చును. 2019నుండి కియా కార్లు అక్కడ తయారగుచున్నవి. దగ్గఱనే గొల్లపల్లి జలాశయము. హంద్రీ-నీవా కాలువద్వారా దానికి నీరు వచ్చినది 2016లో. ఆ నీరు కృష్ణది. గోలకొండ సుల్తానును బెదరించి పంపిన నదియే నాలుగువందల యేండ్లకు పెనుకొండ పొలిమేరకు వచ్చినదని మేము చెప్పగా, పెద్దాయన నవ్వి, “సింగయభట్టుకు ఎవరైనా చెప్పండప్పా” అనెను.

ఇక్కడ ఒక కష్టమును చెప్పక తప్పదు. కొండపై నిధులకై త్రవ్విన గోతులను మేము చూచితిమి. చెఱువు గట్టులలో కొన్నిటిపై కంపచెట్లు ఎదిగి కాలువ జాడ తెలియకున్నది. దారియు, కథయు, కోనేరును తెలిసిన ముసలివారు ఊరికి ఇద్దఱు ముగ్గురు మిగిలిరి. మా పెద్దాయన కొడుకులిద్దఱును బెంగుళూరిలో పనిలో నున్నారు, వారికి ఈ దారి తెలియదు. సీసాల నీరు త్రాగుచు గంటలో వచ్చి గంటలో పోవు యాత్రికునకు ఈ పెద్దలతో పనిలేదు. నడచివచ్చువానికి అడుగడుగునకు పనియున్నది: ఎక్కడ నీరు, ఎక్కడ నీడ, ఏ ఊరిలో రాత్రి. సంవత్సరమున మార్గశిరమునుండి మాఘమువఱకు గుంపులుగా నడచు యాత్రికులు వచ్చుచుండినచో, ఊరి పిల్లలలో ఒకడైనను తాతవెంట కొండ ఎక్కి ఆ విద్య నేర్చుకొనును. దర్శకునకు కూలి దొరకవలెను, మజిలీ ఊరిలో అన్నము పెట్టిన తల్లికి వెల దొరకవలెను. మేము ఎండలో ఆరిన గొంతుతో ఎంచిన లెక్క యిది. అధికారులు నీడలో కూర్చుండి ఎంచినను ఇంతకంటె ఎక్కువ కాదు.

పెన్న కొండలను కోసిన లోతైన గండి చూడగోరువారు ధర్మవరముతో ఆగరాదు. కడప జిల్లాలోని గండికోటవఱకు పోవలెను. ఎఱ్ఱమల కొండలను నది నిలువున చీల్చిన అంచున కోట గోడ నిలిచియున్నది. అది వేఱొక యాత్ర, వేఱొక వారము. మాకు సెలవు దినములు తీరినవి.

ఆఱవనాటి సాయంకాలమునకు ధర్మవరము చేరితిమి. చిత్రావతిలో నీటికంటె ఇసుకయే ఎక్కువగా నుండెను. వీధిలో అడుగిడగానే మగ్గముల చప్పుడు ఇంటింట వినబడెను. ఒక వాకిట చీర అంచునకు జరీ కలుపుచున్న నేతగాడు మా దుమ్ముకాళ్లు చూచి, ఎక్కడినుండి వచ్చుచున్నారని అడిగెను. హిందూపురమునుండి నడచి వచ్చుచున్నామనగా పని ఆపి మంచినీళ్లు తెప్పించెను. పెద్దాయనను స్టేషనులో రైలెక్కించితిమి. కిటికీ ప్రక్కన చోటు దొరకినది. మేము రెండు దినములు నడచిన దారిని ఆయన గంటలోపల తిరిగి పోవలెను.